ఆరోగ్య యాప్‌ను ఫోన్ నుంచి తీసేసినా అమ్మ ఖాతాలో ప్రతి నెలా డబ్బు పోతోంది: ఎలా ఆపాలి, ఎవరిని అడగాలి?

ప్రశ్న: సుధారాణి, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మా అమ్మగారు ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసి తెనాలిలో ఉంటున్నారు. ఆమెకు చక్కెర వ్యాధి ఉందని పరీక్షల్లో తేలిన కొత్తలో, ఆహార నియమాలూ యోగాసనాలూ నేర్పుతామన్న ఒక యాప్ ప్రకటన చూసి దాన్ని ఫోన్‌లో వేసుకున్నారు. వయసు, బరువు, నిద్ర, వాడుతున్న మందులు, పరగడుపున చక్కెర ఎంత ఉంటోంది అన్న ప్రశ్నలన్నీ వరుసగా అడిగి, చివరకు ఆమె కోసమే ప్రత్యేకమైన ప్రణాళిక సిద్ధమైందని చెప్పి, ఒక్క రూపాయి కడితే వారం రోజులు ఉచితంగా చూడవచ్చని ఆ యాప్ చూపించింది. అమ్మ యూపీఐ పిన్ కొట్టి ఆ రూపాయి చెల్లించారు.

అందులో చెప్పిన భోజనం మన ఇంటి వంటకు సరిపడకపోవడంతో ఆమె కొద్ది రోజులకే యాప్‌ను తీసేశారు. అక్కడితో ఆ సంగతి ముగిసిందనే అనుకున్నారు. ఇటీవల నేను ఊరికి వెళ్లినప్పుడు పాస్‌బుక్కులో పద్దులు వేయించగా, ప్రతి నెలా 499 రూపాయలు ఏదో పరిచయం లేని పేరు మీద పోతున్నట్టు కనబడింది. బ్యాంకు శాఖకు వెళ్లి అడిగితే, పిన్ ఖాతాదారే కొట్టారు కాబట్టి ఇది మోసం కిందకు రాదని, కంపెనీనే అడగాలని చెప్పారు. కంపెనీకి ఈమెయిల్ రాస్తే జవాబు లేదు. యాప్‌ను మళ్లీ వేసుకుని చూస్తే రద్దు చేసుకునే మీట ఎక్కడా దొరకలేదు, సహాయం కోరితే యంత్రమే జవాబులు చెబుతోంది.

నా ప్రశ్నలు మూడు. ఈ చెల్లింపును ఖచ్చితంగా ఆపే దారి ఏది? డెబిట్ కార్డు మార్చుకుంటే ఆగుతుందా? ఇప్పటిదాకా పోయిన డబ్బులో ఎంతయినా తిరిగి వస్తుందా? డబ్బు సంగతి అటుంచితే, అమ్మ ఇప్పుడు ఫోన్‌లో చెల్లింపులే మానేశారు. కరెంటు బిల్లుకు కూడా మళ్లీ వరుసలో నిలబడుతున్నారు. నన్ను ఎక్కువ బాధిస్తున్నది అదే.

జవాబు: శేషయ్య, విజయవాడ

అమ్మా సుధారాణీ, నేను బ్యాంకులో పనిచేసి విరమించినవాణ్ణి. మీ అమ్మగారికి ముందుగా ఒక మాట చెప్పండి: ఆమె పిన్ ఎవరికీ ఇవ్వలేదు, ఖాతా ఎవరి చేతిలోనూ పడలేదు. ఆ ఒక్క రూపాయి చెల్లింపుతో పాటే ‘ఇకపై నిర్ణీత గడువుకు నా ఖాతా నుంచి తీసుకోవచ్చు’ అన్న అనుమతి కూడా నమోదైంది. దీన్నే మాండేట్ అంటారు. ఆ అనుమతి ఉండేది బ్యాంకు, యూపీఐ వ్యవస్థల దగ్గరే తప్ప ఆరోగ్య యాప్‌లో కాదు. అందువల్ల యాప్‌ను తీసేసినంత మాత్రాన దానికేమీ కాదు.

రద్దు చేసేది కూడా అక్కడే. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్ వంటి యాప్‌లలో సాధారణంగా మన ప్రొఫైల్ బొమ్మను నొక్కితే వచ్చే పేజీలో ‘ఆటోపే’ అన్న విభాగం ఉంటుంది. ఏ యూపీఐ యాప్‌లో ఆ రోజు పిన్ కొట్టారో ముందుగా అందులో వెతకండి. పెద్దవాళ్ల ఫోన్లలో రెండు మూడు యూపీఐ యాప్‌లు ఉండటం మామూలే కాబట్టి ఒకదానిలో కనబడలేదని వదిలేయకండి. అక్కడ ఆరోగ్య యాప్ పేరుకు బదులు దాన్ని నడిపే కంపెనీ పేరో, మధ్యలో చెల్లింపులు చూసే సంస్థ పేరో ఉండవచ్చు. పేరును బట్టి కాక 499 అన్న మొత్తాన్నీ, పాస్‌బుక్కులో ఉన్న తేదీనీ బట్టి గుర్తుపట్టండి. దాన్ని తెరిస్తే తాత్కాలికంగా నిలిపే ‘పాజ్’, పూర్తిగా రద్దు చేసే ‘రివోక్’ లేదా ‘క్యాన్సిల్’ కనబడతాయి. పాజ్ నొక్కితే ఆ అనుమతి బతికే ఉంటుంది, మీకు కావలసినది రద్దు. అది పిన్ అడుగుతుంది. డబ్బు పోతుందేమోనని అమ్మగారు వెనకాడవచ్చు, ఆ పిన్ రద్దుకే అని పక్కనుండి చెప్పండి.

రద్దు చేసే ముందు ఆ పేజీని తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసి దాచుకోండి. అందులో ‘గరిష్ఠ మొత్తం’ అన్న గడి ఉంటుంది, దాన్ని ప్రత్యేకంగా చూడండి. నెలకు 499 అని చెప్పిన కంపెనీ, అనుమతి మాత్రం అంతకు ఎన్నో రెట్లకు తీసుకుని ఉండవచ్చు. సాధారణ సబ్‌స్క్రిప్షన్లలో ఒక్కో చెల్లింపు 15,000 రూపాయల లోపు ఉంటే ప్రతిసారీ పిన్ గానీ ఓటీపీ గానీ అడగనక్కరలేదని రిజర్వు బ్యాంకు 2022 జూన్‌లో పరిమితిని పెంచింది. అంతకు ముందు అది 5,000. పాలసీ ప్రీమియంలు కట్టేవారికి ఇది సదుపాయమే గానీ, వారం రోజుల ఉచిత వాడకం కోసం చేరినవారికి ఆ గడిలో ఎంత రాసి ఉందో తెలియకపోవడం ప్రమాదకరం.

కార్డు మార్చడం గురించి అడిగారు. మీ అమ్మగారి అనుమతి యూపీఐ ద్వారా ఇచ్చినది, అది ఖాతాకు ముడిపడి ఉంటుంది కాబట్టి డెబిట్ కార్డు మార్చినా ప్రయోజనం లేదు. కార్డు ద్వారా ఇచ్చినవారు కూడా బ్యాంకు వెబ్‌సైటులోనో యాప్‌లోనో ఉండే ఈ-మాండేట్ల పేజీకి వెళ్లి రద్దు చేసుకోవాలే గానీ కార్డు మార్పు మీద ఆధారపడకూడదు. చెల్లింపు గూగుల్ ప్లే ద్వారా జరిగి ఉంటే ప్లే స్టోర్‌లో ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’ కింద, ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో మన పేరు నొక్కితే వచ్చే ‘సబ్‌స్క్రిప్షన్స్’ కింద కూడా రద్దు చేయాలి. మాండేట్ ఒక్కటే తీసేసి సబ్‌స్క్రిప్షన్‌ను అలాగే ఉంచితే, కొత్త అనుమతి కోసం అభ్యర్థనలు మళ్లీ ఫోన్‌కు రావచ్చు, అలవాటుగా పిన్ కొట్టేసే అవకాశమూ ఉంటుంది.

ఇక బ్యాంకు బాధ్యత. పిన్ కొట్టారు కాబట్టి మోసం కాదన్న మాట వరకు శాఖవారు చెప్పినది సరే. అయితే అక్కడితో వారి పని తీరిపోదు. 2021 అక్టోబరు 1 నుంచి పూర్తిగా అమలులో ఉన్న ఈ-మాండేట్ నియమాల ప్రకారం, డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం పంపాలి, అందులో ఎవరు తీసుకుంటున్నారు, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నవి ఉండాలి, ఆ చెల్లింపు వద్దనుకునే వీలు కూడా ఉండాలి. తీసుకున్న తరువాత మళ్లీ తెలియజేయాలి. అమ్మగారి ఫోన్‌లో పాత ఎస్‌ఎంఎస్‌లు చెరిపేయకుండా వెతకండి. ఆ ముందస్తు సందేశాలు వచ్చి ఉంటే సంగతి వేరు. రాకపోతే మాత్రం ఫిర్యాదు నేరుగా బ్యాంకు మీదే రాయవచ్చు, 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు తృప్తిగా లేకున్నా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అందుకు వారి సహాయ సంఖ్య 14448.

ఆ సందేశాలు చాలామందికి ఇంగ్లీషులోనే వస్తున్నాయన్నది నాకు ఎప్పుడూ మింగుడుపడని విషయం. తెలుగులో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషికి, తన డబ్బు రేపు పోతుందన్న కబురు తెలుగులో అందకపోవడం న్యాయం కాదు.

జవాబు: రమాదేవి, న్యాయవాది, హనుమకొండ

శేషయ్య గారు చెప్పినవన్నీ ముందు చేయండి. డబ్బు తిరిగి రాబట్టే విషయం నేను చెబుతాను. ఫిర్యాదును ఏ పేరు మీద రాస్తామన్నదానిపై ఫలితం చాలావరకు ఆధారపడి ఉంటుంది. ‘నా అనుమతి లేకుండా డబ్బు తీశారు’ అని రాస్తే, పిన్ నమోదు చూపించి ఒక్క వాక్యంతో మీ ఫిర్యాదును మూసివేస్తారు. ‘అనుమతి తీసుకున్న పద్ధతి అన్యాయమైనది, రద్దు చేసుకునే దారి మూసివేశారు’ అని రాస్తే, కంపెనీ జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

దీనికి చట్టంలో గట్టి ఆధారం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల నివారణ, నియంత్రణ మార్గదర్శకాలను ప్రకటించింది. అందులో 13 రకాల మోసపూరిత రూపకల్పనలను పేర్కొన్నారు, వాటిలో ఒకటి ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’. రద్దు చేసుకోవడాన్ని అసాధ్యంగానో సుదీర్ఘంగానో మార్చడం, రద్దు మీటను దాచడం, రద్దు సూచనలను గందరగోళంగా ఉంచడం దాని కిందకు వస్తాయి. మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: ఉచిత సేవ పొందడానికి చెల్లింపు వివరాలనో ఆటో డెబిట్ అనుమతినో బలవంతంగా తీసుకోవడం కూడా ఆ నిర్వచనంలోనే స్పష్టంగా ఉంది. ఉచితంగా చూడమని చెప్పి ఒక్క రూపాయి నెపంతో మాండేట్ నమోదు చేయించిన పద్ధతిని ఆ మాటలతో నేరుగా పోల్చి రాయండి. భారతదేశంలో క్రమబద్ధంగా సేవలు అందించే వేదికలన్నిటికీ ఈ మార్గదర్శకాలు వర్తిస్తాయి కాబట్టి కంపెనీ విదేశీయమైనదన్న సాకు కూడా చెల్లదు.

ముందు కంపెనీకి మరో ఈమెయిల్ రాయండి. ఫలానా తేదీ నుంచి సేవ వద్దనుకుంటున్నామని, మాండేట్ రద్దు చేశామని, ఇంతవరకు తీసుకున్న మొత్తం ఇంత అని, దాన్ని వాపసు చేయాలని అందులో స్పష్టంగా ఉండాలి. మీరు ఇదివరకు రాసిన ఈమెయిల్‌కు జవాబు రాలేదన్నారు. ఆ ఈమెయిల్ తేదీ మీకు చాలా విలువైనది, ఎందుకంటే ఆ తేదీ తరువాత తీసుకున్న ప్రతి రూపాయికీ వాళ్లు సమాధానం చెప్పుకోవడం కష్టం. అంతకు ముందు నెలల డబ్బు విషయంలో మీకు నేను అంత భరోసా ఇవ్వలేను. వాడకం లేదని చూపగలిగితే కొన్ని కంపెనీలు మొత్తం తిరిగి ఇస్తాయి, కొన్ని ఆఖరి నెలతో సరిపెడతాయి.

ఆ తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు, కాబట్టి అమ్మగారే స్వయంగా చెప్పుకోవచ్చు. హెల్ప్‌లైన్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు, ఫిర్యాదును కంపెనీకి పంపి పరిష్కారం అడుగుతుంది. అయినా చిన్న మొత్తాలు చాలావరకు అక్కడే తేలిపోతాయి, ఎందుకంటే 499 రూపాయల కోసం ప్రభుత్వ నమోదులో పేరు పడటం ఏ కంపెనీకీ ఇష్టం ఉండదు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే దావా వేయవచ్చు కాబట్టి, కంపెనీ ఏ నగరంలో ఉన్నా మీ అమ్మగారు గుంటూరులోనే వేయవచ్చు. సేవకు చెల్లించినది 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, ఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయాలి.

మీ అమ్మగారి యాప్ ఖాతాను మాత్రం ఇప్పుడే తొలగించకండి. ఎప్పుడు చేరారు, ఎప్పటినుంచి వాడలేదు అన్న ఆధారాలన్నీ అందులోనే ఉంటాయి. వివాదం తేలిన తరువాత, ఆమె ఇచ్చిన మందుల, చక్కెర పరీక్షల వివరాలను కూడా చెరిపివేయాలని రాతపూర్వకంగా కోరి అప్పుడు ఖాతా మూసివేయండి. డబ్బు గురించి పట్టించుకున్నంతగా మనవాళ్లు ఆ వివరాల గురించి పట్టించుకోవడం లేదు.

జవాబు: కిరణ్, హైదరాబాద్

యాప్‌ల తెరలు రూపొందించే పనిలో ఉన్నవాడిగా రెండు మాటలు. ఆరోగ్య యాప్‌లు చెల్లింపు పేజీకి ముందు అన్ని ప్రశ్నలు అడగడానికి కారణం ప్రణాళిక తయారీ ఒక్కటే కాదు. పది నిమిషాలు తన గురించి చెప్పుకున్న మనిషి చివరి పేజీలో వెనుదిరగడం కష్టం. వ్యాధి కొత్తగా బయటపడినవారికీ, కాన్పు తరువాత బరువు తగ్గాలనుకునేవారికీ ఇది మరింత కష్టం. ఆ చివరి పేజీలో ధరను రోజుకు ఇన్ని రూపాయలని పెద్ద అక్షరాలతో రాసి, ఏడాది మొత్తం ఒకేసారి తీసుకుంటామన్న మాటను కింద చిన్న అక్షరాలతో ఉంచడం కూడా మామూలైపోయింది. ఇది సరి కాదని మా రంగంలోనే చాలామంది వాదిస్తున్నారు. రద్దు మీటను చేరిక మీట ఉన్నంత దగ్గరగా ఉంచి కూడా బాగా నడుస్తున్న యాప్‌లు ఉన్నాయి కాబట్టి, వ్యాపారానికి ఇది తప్పదన్న మాటను నేను ఒప్పుకోను.

ఇకపై ఏదైనా యాప్‌లో ఉచిత వాడకం (ఫ్రీ ట్రయల్) ప్రారంభిస్తే, అదే రోజు రద్దు చేసేయడం మేలు. చాలా యాప్‌లలో రద్దు చేసినా గడువు ముగిసేదాకా సేవ అందుతుంది. ఐఫోన్‌లో గడువుకు కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలి. గూగుల్ ప్లేలో డబ్బు పోయిన 48 గంటల లోపు అడిగితే వాపసు అవకాశాలు ఎక్కువ. ఆ తరువాత సాధారణంగా యాప్ కంపెనీనే అడగమంటారు.

జవాబు: మాధవి, ఫ్రిస్కో, టెక్సాస్

సుధారాణి గారూ, ఇక్కడ ఉండే మాలాంటి వాళ్ల కుటుంబాలకు ఇదే సమస్య మరో రూపంలో వస్తోంది కాబట్టి రాస్తున్నాను. అమ్మానాన్నల ఐఫోన్లను చాలామంది తమ అమెరికా ఆపిల్ ఖాతాతోనే తెరిచి ఇస్తారు. అక్కడ వాళ్లు ఒక యోగా యాప్‌లో ఉచిత వాడకం మొదలుపెడితే, గడువు తీరగానే డబ్బు ఇక్కడి కార్డు నుంచి డాలర్లలో పోతుంది. కార్డు భారతదేశపు బ్యాంకుది కాదు కాబట్టి శేషయ్య గారు చెప్పిన 24 గంటల ముందస్తు సందేశం నియమం దానికి వర్తించదు. బిల్లు వివరాలలో యాప్ పేరు లేకుండా ఆపిల్ పేరు మాత్రమే ఉండటంతో, నెలల తరబడి ఎవరి దృష్టికీ రాకుండా పోతుంది. అలాంటివారు తమ ఫోన్‌లోనే సబ్‌స్క్రిప్షన్ల పేజీ తెరిచి చూసుకోవాలి, వాపసు కోసం ఆపిల్ వారి ‘రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్’ పేజీలో అడగాలి. బిల్లింగులో పొరపాటు ఉంటే క్రెడిట్ కార్డు సంస్థకు బిల్లు పంపిన 60 రోజుల లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు కూడా ఇక్కడ ఉంది.

అమెరికాలో చట్టం మెరుగ్గా ఉందని అనుకోకండి. చేరినంత సులువుగా రద్దు చేసుకునే వీలుండాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబరులో తెచ్చిన నియమాన్ని, దాన్ని రూపొందించిన ప్రక్రియలో లోపం ఉందన్న కారణంతో 2025 జూలైలో ఎనిమిదో సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం కొట్టివేసింది. 2010లో వచ్చిన పాత చట్టం మాత్రం ఉంది. షరతులు ముందే స్పష్టంగా చెప్పాలని, ఆపుకునే సులభమైన మార్గం ఉండాలని అది అంటుంది. బరువు తగ్గించే యాప్ నూమ్ మీద, ఉచిత వాడకం గడువు ముగిశాక తెలియకుండా డబ్బు తీసుకున్నారని వినియోగదారులు కలిసి వేసిన దావా 2022లో 6 కోట్ల 20 లక్షల డాలర్ల రాజీకి దారితీసింది. ఒక్కొక్కరికి పోయింది చిన్న మొత్తమే అయినా, అందరూ కలిసి అడిగినప్పుడు కంపెనీ దిగివచ్చింది. మీ ఫిర్యాదును మానకుండా నమోదు చేయమని చెప్పడానికే ఈ సంగతి రాశాను.

ప్రశ్నించినవారి స్పందన: సుధారాణి

అందరికీ కృతజ్ఞతలు. శేషయ్య గారు చెప్పినట్టే, అమ్మ రోజూ వాడే యూపీఐ యాప్‌లో ఏమీ కనబడలేదు గానీ, ఎప్పుడో ఎవరో వేసి ఇచ్చిన మరో యాప్‌లో ఆ మాండేట్ ఉంది. పేరు పూర్తిగా వేరు. గరిష్ఠ మొత్తం 5,000 అని ఉంది, గడువు చాలా ఏళ్ల తరువాత ముగుస్తుంది. తెరపట్టు తీసుకున్నాక, అమ్మ చేతనే పిన్ కొట్టించి రద్దు చేయించాను. 1915కు ఆమె స్వయంగా ఫోన్ చేసి తెలుగులోనే వివరించారు, ఫిర్యాదు సంఖ్య ఎస్‌ఎంఎస్‌లో వచ్చింది. పాత సందేశాలు వెతికితే కొన్ని నెలలకు ముందస్తు సమాచారం ఉంది, కొన్ని నెలలకు కనబడలేదు. కంపెనీకి రమాదేవి గారు సూచించిన మాటలతోనే ఈమెయిల్ పంపాను. రద్దు అయిన తరువాత కూడా డబ్బు పోయే అవకాశం ఉందా అన్నది ఒక్కటే అమ్మకు మిగిలిన సందేహం.

జవాబు: శేషయ్య, విజయవాడ

సాధారణంగా పోదమ్మా. రద్దు అయినట్టు వచ్చిన సందేశాన్నీ, మాండేట్ వివరాలలో ఉండే యూఎంఎన్ అన్న సంఖ్యనూ భద్రపరచండి. వచ్చే నెల ఆ తేదీ దాటిన మర్నాడు ఖాతా చూసుకోండి. ఒకవేళ పోతే అది ఇక కంపెనీతో తేల్చుకోవలసిన విషయం కాదు. రద్దు చేసిన అనుమతి మీద డబ్బు ఇచ్చినందుకు బ్యాంకే జవాబుదారు కాబట్టి, ఆ సంఖ్యనూ రద్దు తేదీనీ రాసి శాఖలో ఫిర్యాదు ఇచ్చి, రసీదు తప్పకుండా తీసుకోండి. ముందస్తు సందేశం లేని నెలల జాబితాను మాత్రం వేరే కాగితం మీద ఇప్పుడే ఇచ్చేయండి, దానికి వచ్చే నెల దాకా ఆగనక్కరలేదు.